ఆలస్యమైన మూడు దినములు



ఈ పత్రికలో మనము ఎక్కువగా చదివేవి జయముల సాక్ష్యములు. జ్వరము విడిచినది, అప్పు తీరినది, బిడ్డకు ఉద్యోగము దొరికినది అని చదివి దేవుని స్తుతిస్తాము. అది మంచిదే. ఈసారి మేము వ్రాయుచున్నది అటువంటి సాక్ష్యము కాదు. ఇది మా తప్పిదమును గూర్చినది. మా సంఘములో ఒక సహోదరుడు ఎడమ కన్ను పోగొట్టుకొన్నాడు. ఆ కన్ను పోవుటలో మా వంతు మూడు దినములు ఉన్నది. చాలాకాలము దీనిని వ్రాయుటకు మాకు ధైర్యము చాలలేదు. చివరకు ఆ సహోదరుడే, "రాయండి అయ్యగారూ, ఇంకొకలికి కన్ను మిగుల్తాది" అన్నాడు. పేరు మాత్రము వద్దన్నాడు గనుక వ్రాయడము లేదు.

మా సంఘము రాజాం పరిసరములలోని ఒక పల్లెలో ఉన్నది. 2021లో మాది శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు విజయనగరం జిల్లాలోనికి వచ్చాము. జిల్లా పేరు మారినది గాని మా చోడి చేలు, గోగు చేలు, మా పేదరికము అలాగే ఉన్నవి. ఈ సహోదరుడు సంఘ పెద్ద. తాపీ మేస్త్రి. మా గుడి గోడలు కట్టినవాడు ఆయనే, ఆదివారము తెల్లవారగానే గుడి తలుపు తీసేదీ ఆయనే, పాటలకు డోలక్ వాయించేదీ ఆయనే. అప్పటికి ఏబది రెండేండ్లు. షుగరు ఉన్నదని ఏడెనిమిది సంవత్సరముల క్రితమే తెలిసినది. చేతిలో మాత్రలు ఉన్న దినములలో వేసుకొనేవాడు, అయిపోయిన తరువాత పది పదిహేను దినములు ఊరుకొనేవాడు. మేము అడిగితే, "ఒంట్లో బాగానే ఉన్నాది కదా అయ్యగారూ" అనేవాడు. మేమును సరేననుకొనేవారము.

2021 మే నెల మీలో ఎవరును మరచియుండరు. కరోనా రెండవసారి వచ్చి పల్లెలలో దూరినది. మే 5 నుండి మన రాష్ట్రములో మధ్యాహ్నము 12 గంటలకే కర్ఫ్యూ. బస్సులు లేవు. ఆ ఒక్క నెలలో మేము నాలుగు సమాధి కార్యక్రమములు జరిగించాము. ప్రతిసారి పదిమందికంటె ఎక్కువ లేరు. అట్టి సమయములో మేస్త్రికి జ్వరము, దగ్గు వచ్చినవి. పరీక్షలో కరోనా అని తేలినది. వేలికి తగిలించి చూచే యంత్రములో ఆక్సిజను 96, 97 ఉండినది. ఇంటిలో వేరుగా పడుకొని, జ్వరము బిళ్ళలు వేసుకొంటే చాలునన్నారు. కాని ఇంటిలోనివారికి భయము తగ్గలేదు. చుట్టుప్రక్కల ఊళ్ళు తిరిగి వైద్యము చేసే ఒకాయనను పిలిపించారు. ఆయన ప్రతి దినము ఒక సూది వేసి, చిన్న తెల్లని మాత్రలు ఇచ్చాడు. మరుసటి దినమునకే జ్వరము దిగినది. ఆకలి పుట్టినది. మామిడిపండ్లు కూడా తిన్నాడు. మందు పనిచేస్తున్నదని పన్నెండు దినములు వేయించుకొన్నాడు. ఆ సూదియు, ఆ మాత్రలును స్టెరాయిడు అని మాకు తరువాత తెలిసినది. ఆ పన్నెండు దినములలో ఒక్కసారైనా ఎవరును ఆయన షుగరు చూడలేదు.

మేము మాత్రము ఫోనులో సంఘస్థులందరికీ, మన పెద్దను ప్రభువు లేవనెత్తినాడని చెప్పి స్తోత్రము చేయించాము.

జూన్ మొదటి వారములో, ఒక సోమవారము సాయంత్రము ఆయన మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "అయ్యగారూ, ఈ ఎడమ దవడ మొద్దుబారిపోనాది. సెయ్యేస్తే సెయ్యేసినట్టు తెలవడం లేదు. పైపన్ను కదుల్తన్నట్టున్నాది" అన్నాడు. పంటి నొప్పియై యుండునని మేము అన్నాము. లవంగము పెట్టుకొమ్మన్నాము. కర్ఫ్యూలో పంటి డాక్టరు ఎక్కడ దొరుకుతాడు? కరోనా నుండి లేపిన దేవునికి పన్ను ఒక లెక్కా అని ధైర్యము చెప్పి, నూనె రాచి, కండ్లు మూసుకొని చాలాసేపు ప్రార్థన చేశాము. మూడు దినములు ఉపవాస ప్రార్థన అని మేమే నిర్ణయించాము. ఆయనయు మాతోకూడ ఉపవాసమున్నాడు. ఖాళీ కడుపున మాత్ర ఎందుకని ఉన్న కొద్దిపాటి షుగరు మాత్రలు కూడా మానివేశాడు. ఇదియు మాకు తరువాతనే తెలిసినది.

మంగళవారము ముక్కు ఒక ప్రక్క మూసుకొనిపోయి, గోధుమరంగు నీరు కారినది. బుధవారము తలనొప్పి, ఎడమ కంటి క్రింద వాపు. మేము రెండు దినములూ వెళ్ళాము. గుమ్మములో నిలిచి ప్రార్థన చేసి వచ్చాము. గురువారము తెల్లవారుజామున మా సహధర్మిణి మాతో వచ్చినది. ఆమె ప్రార్థనకు ముందే ఆయన ముఖము వైపు చూచి, "అన్నయ్యా, నీ కన్ను రెప్ప వాలిపోయింది. ఒకసారి నోరు తెరువు" అన్నది. సెల్‌ఫోను దీపము వేసి చూచినది. అంగిటిలో ఎడమ ప్రక్క పెనము అడుగు మసివలె నల్లని మచ్చ. ఆమె ఇంకేమియు మాటలాడక వెళ్ళి, వీధి చివర ఉండే ఆశా కార్యకర్తను పిలుచుకొని వచ్చినది. ఆమె వేలిలో సూది గుచ్చి షుగరు చూచినది. యంత్రములో అంకె రాలేదు. 'హై' అన్న అక్షరములు మాత్రమే వచ్చినవి. ఆ యంత్రము 600 వరకే లెక్కపెట్టగలదట. అంతకు మించితే అంకె చూపదట.

ఆ ఉదయమే రాజాం నుండి ఒక కారు మాట్లాడుకొని శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాము. వారు చూచి ఆలస్యము చేయక విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి పంపారు. ముక్కులోనుండి కొద్దిగా గీచి తీసి, మందు నీటిలో వేసి సూక్ష్మదర్శినిలో చూచారు. అప్పటికి పత్రికలు దానిని బ్లాక్ ఫంగస్ అని వ్రాయుచుండెను. డాక్టర్ల భాషలో మ్యూకోర్‌మైకోసిస్. అక్కడి డాక్టరుగారు మమ్మును ఒకే ప్రశ్న అడిగారు: "దవడ మొద్దుబారి ఎన్ని రోజులైంది?" మూడు దినములని చెప్పాము. అంతకుముందు ఆ మాట ఎంత చిన్నదిగా ఉండెనో, ఆ వరండాలో అంత పెద్దదైనది.

రెండుసార్లు ఆపరేషను చేశారు. పై దవడలో కొంత భాగము, ఎడమ కన్ను తీసివేశారు. తీయకపోతే మెదడులోనికి వెళ్ళునని చెప్పి, భార్యచేత, పెద్ద కుమారునిచేత సంతకము తీసుకొన్నారు. ఏడు వారములు ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణము దక్కినది.

ప్రియులారా, ఈ రోగము ఎట్లు వస్తుందో ఆ ఏడు వారములలో డాక్టర్లను, నర్సులను అడిగి మేము తెలిసికొన్నంత మీకు చెప్పుతాము. పాస్టరుకు ఇవి ఎందుకని అనుకోవద్దు. తెలియకపోవుటవలన ఏమైనదో పైన వ్రాశాము.

ఈ బూజు ఎక్కడినుండో వచ్చినది కాదు. మన పెంటకుప్పలలో, కుళ్ళిన ఆకులలో, చెమ్మ మట్టిలో, పాత రొట్టె మీద ఎప్పుడును ఉన్నదే. కంటికి కనబడని దాని విత్తనములు గాలిలో తేలుచుండును. మీరు, మేము, మన పిల్లలు ప్రతి దినము వాటిని పీల్చుచున్నాము. ఐనను మనకేమియు కాదు. ఎందుకనగా దేవుడు మన రక్తములో తెల్ల కణములనే కావలివారిని ఉంచాడు. అవి ముక్కులోనే ఆ విత్తనములను పట్టి చంపివేయును. ఇది ఒకరినుండి మరియొకరికి అంటుకొనే రోగము కాదు. మేస్త్రి ఇంటికి తిరిగి వచ్చినప్పుడు కొందరు ఆయన గ్లాసు వేరుగా పెట్టారు. అది అజ్ఞానము.

మరి మేస్త్రి కావలివారు ఏమైనారు? మొదట షుగరు. రక్తములో చక్కెర చాలా ఎక్కువైతే తెల్ల కణములు మందగించును. శత్రువు ఉన్న చోటికి త్వరగా పోలేవు, పోయినను చంపలేవు. షుగరు మరీ ముదిరితే రక్తము పులిసినట్లగును, అనగా ఆమ్లము ఎక్కువగును. మామూలుగా రక్తములోని ఇనుమును శరీరము మూటగట్టి దాచుకొనును. రక్తము పులిసినప్పుడు ఆ మూట విడిపోవును. ఈ బూజు పెరుగుటకు ఇనుమే ముఖ్యమైన ఆహారము. ఈ విధముగా ఒక ప్రక్క కావలి నిద్రపోవును, మరియొక ప్రక్క దొంగకు భోజనము సిద్ధమగును. అందుకే కరోనాకు ముందు నుండియు మన దేశములో షుగరు రోగులకు ఈ వ్యాధి వచ్చుచునే ఉన్నది.

రెండవది కరోనా. ఆ వైరసు శరీరములోని కాపుదల క్రమమునే తారుమారు చేయును. కొందరిలో కావలివారు వెర్రియెత్తినవారివలె సొంత ఊపిరితిత్తుల మీదనే పడి పాడుచేయుదురు. అదే సమయములో వైరసులతో, బూజులతో పోరాడవలసిన కొన్ని కణముల సంఖ్య పడిపోవును. ఒకే ఊరిలో ఒక వీధిలో అల్లరి, మరియొక వీధిలో కావలి లేకపోవుట వంటిది. జ్వరము ఏదైనను షుగరును పెంచును. కరోనా మరింతగా పెంచినది.

మూడవది స్టెరాయిడు. దీనిని గూర్చి న్యాయముగా మాటలాడవలెను. అది విషము కాదు. 2020 జూన్‌లో ఇంగ్లండులో జరిగిన పెద్ద పరిశీలనలో, డెక్సామెథాసోన్ అనే చవకైన స్టెరాయిడు కరోనా రోగుల ప్రాణములను కాపాడునని తేలినది. ఊపిరి యంత్రము మీద ఉన్నవారిలో మరణములు మూడింట ఒక వంతు, ఆక్సిజను పెట్టినవారిలో ఐదింట ఒక వంతు తగ్గినవి. అందులో ఇచ్చినది దినమునకు 6 మిల్లీగ్రాములు, పది దినములకు మించి కాదు. అయితే అదే పరిశీలనలో ఆక్సిజను అవసరము లేనివారికి దానివలన మేలేమియు కనబడలేదు. స్టెరాయిడు ఆ వెర్రియెత్తిన కావలివారిని శాంతింపజేయును. శాంతింపజేయుటలో తక్కిన కావలివారి చేతి కర్ర కూడా లాగివేయును, షుగరును ఆకాశమునకు ఎత్తును. మా మేస్త్రికి ఆక్సిజను 97. అవసరము లేనిది, అవసరమునకు మించి, షుగరు చూడకుండ పడినది. జ్వరము వెంటనే దిగినందున మేమందరము సంతోషించాము. ఆ దిగుట స్వస్థత కాదు.

తరువాత జరిగినది త్వరగా చెప్పవచ్చును. బూజు ముక్కు ప్రక్కనున్న గదులలో మొలిచి, రక్తనాళములలోనికి చొరబడి వాటిని మూసివేయును. రక్తము అందని మాంసము, ఎముక చచ్చి నల్లబడును. ఆ నలుపు బూజు రంగు కాదు, చచ్చిన మన శరీరపు రంగు. చచ్చిన భాగమునకు రక్తము పోదు గనుక మందును చేరదు. అందుకే కోసి తీసివేయవలెను. మేస్త్రి ఈ సంగతిని డాక్టరు నోట విని, "సెమ్మ గోడకి పైన సున్నమేస్తే బూజు పోద్దా డాక్టరు గారూ? గీకాల, సెమ్మ ఆపాల" అన్నాడట. డాక్టరుగారు నవ్వి, అదే వైద్యము, గీకుట మా పని, చెమ్మ ఆపుట అనగా షుగరు దింపుట నీ పని అన్నారట.

ఆపరేషను తరువాత యాంఫోటెరిసిన్ అనే మందును అనేక దినములు రక్తనాళములోనికి ఎక్కించారు. ఆ దినములలో దేశమంతటా దానికి కరవు. ఆ మందు 1950 దశకములో దక్షిణ అమెరికాలోని వెనెజులా దేశపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవినుండి తీసినదని తరువాత చదివి మేము ఆశ్చర్యపడ్డాము. మట్టిలోని బూజునకు విరుగుడును దేవుడు మట్టిలోనే దాచియుంచాడు. అయితే అది మూత్రపిండములకు కష్టము కలిగించగల మందు. మన ఉద్దానములో కిడ్నీ రోగులు ఎందరున్నారో మీకు తెలుసు. అందుచేత ఆ మందు ఎక్కించుచు తరచుగా రక్తపరీక్షలు చేస్తారు. ఖర్చు మేము మోయగలిగినది కాదు. 2021 మే నెలలోనే రాష్ట్ర ప్రభుత్వము ఈ వ్యాధిని ఆరోగ్యశ్రీలో చేర్చినందున ఆ కుటుంబము పొలము అమ్ముకోలేదు. ఆ పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ.

ఇది మా ఒక్కరి కథ కాదు. 2021 జూన్ 28న కేంద్ర ఆరోగ్య మంత్రి చెప్పిన లెక్క ప్రకారము దేశములో అప్పటికి 40,845 మందికి ఈ వ్యాధి వచ్చినది, 3,129 మంది చనిపోయారు. రోగులలో 26,187 మంది షుగరు ఉన్నవారు. 21,523 మంది స్టెరాయిడు వాడినవారు. ఈ అంకెలు చదివినప్పుడెల్లా, అందులో ఎందరి ఇంటి అరుగుల మీద మావంటి ఒక పాస్టరు గాని, పెద్ద గాని కూర్చుండి, పంటి నొప్పియేలే అని చెప్పియుండునో అని మా మనస్సు కలవరపడును.

మేస్త్రి ఆసుపత్రిలో ఉండగా మేము లేవీయకాండము 13, 14 అధ్యాయములు మరల చదివాము. వేదాంత పాఠశాలలో వాటిని త్వరత్వరగా దాటిపోయినవారము. పల్లెలో వాటి మీద ప్రసంగము ఎవరు చేస్తారు? ఇప్పుడు చదివితే మా కొరకే వ్రాసినట్లుండెను. ఒకని చర్మము మీద మచ్చ కనబడినప్పుడు యాజకునికి దేవుడు అప్పగించిన మొదటి పని చూచుట. మచ్చ లోతెంత, వెండ్రుకల రంగు ఏమి అని దగ్గరగా చూడవలెను. ఏడు దినములకు మరల చూడవలెను. ఇంటి గోడకు పచ్చని, ఎఱ్ఱని మచ్చలు పట్టితే యాజకుడే ఇంటిలోనికి వెళ్ళి చూడవలెను, గోడ గీయించి ఆ పెళ్ళలు ఊరి బయట పారబోయించవలెను. దేవుడు తన సేవకునికి కండ్లు తెరచి చేయవలసిన పని ఇంత వివరముగా నియమించియుండగా, మేము మూడు దినములు కండ్లు మూసుకొనియే వెళ్ళి వచ్చాము.

హిజ్కియా మరణకరమైన రోగములో మొఱ్ఱపెట్టినప్పుడు దేవుడు ఆలకించాడు. ఆ ఆలకించిన దేవుని ప్రవక్తయే అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద వేయించాడు. మంచి సమరయుడు గాయపడినవాని ప్రక్కన మోకరించి ఊరుకొనలేదు, నూనెయు ద్రాక్షారసమును పోసి, కట్టు కట్టి, సొంత వాహనము మీద ఎక్కించి, ఖర్చు కూడా పెట్టుకొన్నాడు. మన పితరులును ఈ సంగతి ఎరిగినవారే. మన శ్రీకాకుళం జిల్లా సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషనరీల ఆరోగ్యవరం ఆసుపత్రిని ఎరుగనివారెవరు? అక్కడ డాక్టర్ బెన్ గల్లిసన్‌గారు పేదల కండ్లకు చేసిన ఆపరేషన్లను ఆదుకొనుటకే 1963లో కెనడాలోని కేల్గరీ పట్టణములో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టినది. ప్రార్థించిన చేతులే కత్తి పట్టి కన్ను కాపాడిన నేల ఇది. అట్టి నేలలో పుట్టి, ప్రార్థనను వైద్యమునకు పోటీగా నిలువబెట్టిన పాపము మాది. మేము ప్రార్థించినందుకు మారుమనస్సు పొందలేదు. ప్రార్థన చాటున ఆలస్యము చేసినందుకు పొందాము.

మేస్త్రి ఇంటికి వచ్చిన మొదటి ఆదివారము, సంఘము ఎదుట నిలువబడి ఈ మూడు దినముల సంగతి ఒప్పుకొన్నాము. గుడి అంతా నిశ్శబ్దము. కొందరు తల వంచుకొన్నారు. ఒక వృద్ధురాలు, అయ్యగారు అలాగ చెప్పకూడదు, విశ్వాసము సన్నగిల్లుతుంది అన్నది. ఒక యౌవనస్థుడు లేచి వెళ్ళిపోయాడు. అతడు మేస్త్రి చిన్న కుమారుడు. మూడు నెలలు మాతో మాటలాడలేదు. దానికి అతనికి హక్కున్నది.

ఆ సాయంత్రము మేము మేస్త్రి ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాము. ఆయన కంటి మీది గుడ్డ సర్దుకొని ఇట్లన్నాడు: "ఆ రోజు మీరు కళ్ళు మూసుకొని పార్దన సేసినారు అయ్యగారూ. నాను కళ్ళు మూసుకోలేదు. మీ మొకమే సూస్తన్నాను. అయ్యగారు ఆసుపత్రికి ఎల్లమంటారేమో అని." కొంచెము ఆగి, "మీరు ఎల్లమంటే ఆ రేతిరే ఎల్లిపోదును. మీ మాట దాటినోడిని కాదు కదా" అన్నాడు.

ఆయన దానిని నిష్ఠూరముగా అనలేదు. అందుచేతనే ఆ మాట మరి ఎక్కువగా గుచ్చుకొన్నది. పల్లెలో పాస్టరు మాటకు ఉన్న బరువు మాకు ఆ సాయంత్రము తెలిసినది. డాక్టరు చెప్పినది మరచిపోయేవారు కూడా అయ్యగారు చెప్పినది చేస్తారు. మనము చెప్పే మాటకు మాత్రమే కాదు, చెప్పకుండ మానిన మాటకును లెక్క అప్పగించవలెను.

అప్పటినుండి మా సంఘములో కొన్ని క్రమములు పెట్టుకొన్నాము. మీకు ఉపయోగపడునని వ్రాస్తున్నాము.

ప్రతి నెల మొదటి ఆదివారము, ప్రభువు బల్ల ఆరాధన తరువాత, ఆశా కార్యకర్త గుడి అరుగు మీద షుగరు యంత్రముతో కూర్చుంటుంది. ఆ రక్తపు చుక్క ఆ దినపు సంగతి మాత్రమే చెప్పును. గడచిన మూడు నెలల సంగతి తెలియవలెనంటే ఆసుపత్రిలో హెచ్‌బిఏ1సి అనే పరీక్ష ఉన్నది. దానిని సంవత్సరమునకు రెండుసార్లైనా చేయించుకొమ్మని చెప్పుచున్నాము.

ఉపవాస ప్రార్థన ప్రకటించునప్పుడు, షుగరు మందు వాడువారు, ఇన్సులిన్ తీసుకొనువారు డాక్టరును అడగకుండ ఉపవాసముండకూడదని పుల్పిట్ మీదనుండియే చెప్పుచున్నాము. శ్రమకాలపు దినములలో అంబలి త్రాగి మందు వేసుకొని ప్రార్థనకు వచ్చినవారిని ఎవరును తక్కువగా చూడకూడదు.

జ్వరము వచ్చినప్పుడు, అది కరోనా గాని, డెంగీ గాని, మామూలు ఫ్లూ గాని, అన్నము తినలేదు కదా అని షుగరు మందు మీ అంతట మీరు మానవద్దు. జ్వరములో తినకపోయినను షుగరు పెరుగును. పరీక్ష చేయించుకొని, ఏది ఎంత వాడవలెనో డాక్టరును అడగండి. ఇన్సులిన్ దాచుటకు ఇంటిలో ఫ్రిజ్ లేదని మానవద్దు. నీళ్ళకుండ ప్రక్కన చల్లని మట్టిపాత్రలో ఎండ తగలకుండ పెట్టుకొనవచ్చును.

ఎవరైనా సూది వేయబోవునప్పుడు, ఇది స్టెరాయిడా, ఎన్ని దినములు, షుగరు ఎవరు చూస్తారు అని మూడు ప్రశ్నలు అడగండి. అడిగితే కోపపడేవానియొద్ద ఆ సూది వేయించుకొనవద్దు. అయితే ఉబ్బసము మొదలైన రోగములకు డాక్టరు వ్రాసిన స్టెరాయిడు వాడుచున్నవారు, ఇది చదివి భయపడి ఒక్కసారిగా మానవద్దు. అదియు ప్రమాదమే.

జబ్బునుండి లేచిన షుగరు రోగులు కొన్ని వారములు పెంటకుప్పలు ఎత్తుట, కుళ్ళిన గడ్డి తీయుట ఇతరులకు విడిచిపెట్టవలెను. తప్పనప్పుడు ముక్కుకు, నోటికి శుభ్రమైన గుడ్డ కట్టుకొనవలెను.

చివరిది ముఖ్యము. షుగరు ఉన్నవారికి ముఖములో ఒక ప్రక్క నొప్పి లేక మొద్దుబారుట, ఒక ప్రక్క ముక్కు మూసుకొని నల్లని లేక రక్తపు నీరు కారుట, కంటి చుట్టూ వాపు, రెప్ప వాలుట, ఒకటి రెండుగా కనబడుట, పై పండ్లు కదలుట, అంగిటిలో నల్ల మచ్చ, వీటిలో ఏ ఒక్కటి కనబడినను తెల్లవారువరకు ఆగవద్దు. 108కి ఫోను చేయండి. కారులో కూర్చుండి ప్రార్థన చేయండి. దేవుడు కారులోను వింటాడు.

ఇప్పుడు మేము ఇండ్లను దర్శించునప్పుడు మొదట రోగి ముఖము చూస్తాము. ఏమి తిన్నావు, మాత్ర వేసుకొన్నావా, ఏదైనా మొద్దుబారినదా అని అడుగుతాము. ఆ తరువాత ప్రార్థన. మా సహధర్మిణిని కూడా తీసుకొని వెళ్తాము. మాకంటె ఆమెకు చూపు ఎక్కువని ఋజువైనది.

మేస్త్రి ఇప్పుడు రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ తీసుకొంటున్నాడు. కట్టుడు దవడ పెట్టించుకొన్నాడు గనుక మాటలు కొంచెము నత్తిగా వచ్చును. ఎత్తైన పరంజా ఎక్కుట మానినాడు. ఒంటి కంటితో దూరము సరిగా తెలియదట. క్రింద నిలిచి కుమారునిచేత పని చేయించుచున్నాడు. ఆ చిన్న కుమారుడు మరల గుడికి వచ్చుచున్నాడు, కాని వెనుక చాపమీదనే కూర్చుంటాడు. మేము తొందరపెట్టడము లేదు.

పోయిన వానకాలములో మా గుడి పడమటి గోడకు చెమ్మ వచ్చి బూజు పట్టినది. సంఘములో కొందరు పండుగకు ముందు సున్నము వేయించుదామన్నారు. మేస్త్రి ఒప్పుకొనలేదు. గోడ ప్రక్కకు చేరి, మంచి కన్ను దగ్గరగా పెట్టి, వ్రేలితో తడిమి తడిమి చూచాడు. "ముందు గీకాల" అన్నాడు. మేమును ఆయన ప్రక్కన నిలువబడి చూచాము.

ప్రభువు మనకందరికి తెరచిన కండ్లను, ఆలస్యము చేయని పాదములను దయచేయును గాక. ఆమేన్.